చిన్నమ్మకు అంటగట్టిన గాలి

నిజం చెప్పండి. నడిరోడ్డు మీద మీ కారు ఉన్నట్టుండి చచ్చుబడితే మీరు ముందు చూసేది ఇంజను వైపా, వెనక సీట్లో కూర్చున్న మనిషి వైపా?

ఇంజను వైపేనని మీరు వెంటనే అంటారు. మా తమ్ముడూ అంటాడు. వాడు డిగ్రీ చదివాడు, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేస్తాడు, ఫోనులోనే బ్యాంకంతా నడుపుతాడు. అడిగితే ‘మూఢనమ్మకాలు మా నాయన కాలం నాటివన్నా’ అని నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూసి నేను చాలా ఏళ్ళు మోసపోయాను.

తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు. మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, ఆమె భర్తకు అన్న కొడుకు. కాబట్టి వాడికీ నాకూ ఆమె చిన్నమ్మే. ముప్పై ఏళ్ళకు పైగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చీరలు నేసిన మనిషి. మొదట భర్త పోయాడు, తర్వాత మూత్రపిండాలు పోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకోవాలన్నారు. వంతు హిందూపురంలో దొరికింది. మంగళవారం, శుక్రవారం, పొద్దున ఎనిమిదికి మిషను దగ్గర ఉండాలి. ఆ టైముకు ఆమెకు అందే రైలు లేదు. అయితే తమ్ముడు సరిగ్గా ఆ రెండు రోజులే పట్టునూలు కొనడానికి హిందూపురం వస్తాడు. అందుకని వాడి కారులో వచ్చేది. నాలుగు గంటలు మిషను మీద పడుకుని, హిందూపురంలోని మా ఇంట్లో కాస్త నడుం వాల్చి, సాయంత్రం నేను రైలెక్కిస్తే వెళ్ళిపోయేది. ఒక వంతు తప్పితే ఆమె కాళ్ళు వాస్తాయి. రెండు తప్పితే ఊపిరి అందదు. ఇది తమ్ముడికి తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసే జరిగింది ఇదంతా.

పోయిన వేసవిలో వాడి డీజిలు కారుకు జబ్బు మొదలైంది. ధర్మవరం నుంచి బాగానే వచ్చేది. పెనుకొండ దగ్గర ఎత్తు మొదలయ్యేసరికి ఇంజను తడబడేది. ఎంత తొక్కినా వేగం అందుకునేది కాదు, కుదుపులు, వెనకనుంచి లారీల హారన్లు. షెడ్డుల్లో దీన్ని మిస్సింగ్ అంటారు. ఒక్కోసారి దానంతట అదే సర్దుకునేది. ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయేది. తమ్ముడు దాన్ని ధర్మవరంలో రెండు షెడ్డులకు చూపించాడు. ఒకడు ఫిల్టరు మార్చాడు. ఇంకొకడు కంప్యూటరు తగిలించి, ఇంజెక్టర్లు విప్పి కడిగాడు. ఇద్దరూ ఊరి చివరిదాకా నడిపి చూసి ‘బండి బంగారంలా ఉండాది’ అని తాళాలు చేతికిచ్చారు. మళ్ళీ మంగళవారం, మళ్ళీ పెనుకొండ, మళ్ళీ అదే కథ.

ఇక్కడే వాడి డిగ్రీ బుర్ర ఒక సంగతి కనిపెట్టింది. చిన్నమ్మను ఆసుపత్రి గేటు దగ్గర దింపాక బండికి ఏ రోగమూ ఉండదు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో అదే ఎత్తును పాటలు పెట్టుకుని దాటేస్తుంది. మిగతా రోజుల్లో బుక్కపట్నం వెళ్ళినా, కొత్తచెరువు వెళ్ళినా ఒక్క కుదుపు లేదు. చిన్నమ్మ ఉంటే మిస్సింగ్, లేకుంటే లేదు. వాడు ఎవరితోనూ అనలేదు, కానీ లెక్క వేసుకుంటూ ఉన్నాడు.

ఒక మంగళవారం పెనుకొండలో బండి అసలు కదలనని మొండికేసింది. రోడ్డు పక్కనే పాత మెకానిక్కు షెడ్డు. కళ్ళద్దాలకు దారం కట్టుకుని మెడలో వేసుకునే పెద్దాయన. ఆయన బానెట్టు ఎత్తి, డీజిలు పైపు మీది రబ్బరు బుడ్డిని చేత్తో నాలుగైదుసార్లు పిసికి, తల ఎత్తకుండానే చెప్పాడు.

“గాలి పట్టిందప్పా. తీస్తాండా, ఉండు. మళ్ళా పడుతుంది. ఒగసారి బాగా తీపిచ్చుకో. లేకుంటే నడిదోవలో ఇడిసిపెడుతుంది.”

బండి కదిలింది. ఎనిమిదికి ఇంకా ముప్పావుగంటే ఉంది, తమ్ముడు మరో మాట అడగకుండా బయల్దేరాడు. వెనక సీట్లో చిన్నమ్మ ఉంది. వాడి చెవిలో ‘గాలి’ ఉంది. మన సీమలో ఆ మాటకు రెండు అర్థాలున్నాయని మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్లోడు జ్వరంతో కలవరిస్తే గాలి సోకిందంటాం. పెళ్ళైన పిల్ల మూడు రోజులు మాట్లాడకపోతే గాలి పట్టిందంటాం. తీయించడానికి మనుషులున్నారు. పెద్దాయన చెప్పింది పైపులో దూరిన గాలి. తమ్ముడు విన్నది వెనక సీట్లో కూర్చున్న గాలి.

వాడు తీయించడానికి వెళ్ళింది షెడ్డుకు కాదు, కొత్తచెరువు దగ్గరి పల్లెలో గాలి తీసే ఒక మనిషి దగ్గరికి. అక్కడ జరిగింది నాకు తర్వాత వాడి నోటితోనే తెలిసింది. ఆ మనిషి మూడు ప్రశ్నలు అడిగాడట. ఎప్పుడు ఆగుతుంది? ఆగినప్పుడు బండిలో ఎవరుంటారు? ఆ మనిషికి భర్త ఉన్నాడా?

ఆ మోసగాణ్ణి నేను ఎంత తిట్టుకున్నా ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదటి రెండు ప్రశ్నలు మంచివి. కంప్యూటరు తగిలించిన షెడ్డువాళ్ళు అవైనా అడగలేదు. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు, అప్పుడు ఏది వేరుగా ఉంది అని అడగడమే రోగం కనిపెట్టడంలో సగం పని. మూడో ప్రశ్న దగ్గర వాడు ఇంజనును వదిలేసి విధవను పట్టుకున్నాడు. విధవను పట్టుకోవడం సులువు. విప్పడానికి స్పానర్లు అక్కర్లేదు.

నిమ్మకాయలు తొక్కించారు, గుమ్మడికాయ దిష్టి తీశారు. శుక్రవారం తెల్లారి చిన్నమ్మ తయారై, సూదులు గుచ్చే చెయ్యి మీద గుడ్డ కట్టుకుని గడపలో కూర్చుంటే కారు రాలేదు. తమ్ముడి భార్య ఫోను చేసింది.

“చిన్నత్తా, బండి బాగలేదంట. నువ్వు బస్సులో పోరాదా?”

“బండి బాగలేకుంటే వాడెట్ల పోతాండాడు?”

“ఆయనొగడే అయితే పోతాదంట.”

చిన్నమ్మకు అంతటితో అర్థమైంది. ఆమె వయసు ఆడమనిషికి ఆ పాటి మాట చాలు. ఆ రోజు బస్సు దొరికేసరికి, పెనుకొండలో ఇంకో బస్సు మారేసరికి వంతు దాటిపోయింది. మంగళవారం దాకా ఆగమన్నారు. ఆదివారానికి పాదాలు చెప్పుల్లో పట్టలేదు.

నేను ధర్మవరం వెళ్ళాను. వెళ్ళి ఏం చేశాను? నా జీవితమంతా చేసిందే చేశాను, వాదించాను. తమ్ముడి ఇంట్లో సోఫాలో కూర్చుని గంటన్నర మాట్లాడాను. కాకతాళీయం అంటే ఏమిటో చెప్పాను. విధవలను గురించి మన సమాజం చేసిన పాపాల పట్టీ అంతా చదివాను. తమ్ముడు తల వంచుకుని విన్నాడు. వాడి భార్య రెండుసార్లు కాఫీ ఇచ్చింది. చివరికి వాడు ఒక్క మాటకూ జవాబు చెప్పలేకపోయాడు. నేను గెలిచాను. మంగళవారం చిన్నమ్మ చీకటితోనే బయల్దేరి బస్సులోనే వచ్చింది.

మిషను మీంచి లేచాక ఆమెను మా ఇంటికి తీసుకొచ్చి, కాళ్ళ కింద దిండు పెట్టి, నా వాదన ఎంత గట్టిగా సాగిందో చెప్పబోయాను.

“గెలిస్తివి గానీ, ఆ బండికి ఏమైండాదో చూస్తివా నాయనా?” అంది.

“అది నా పని కాదు కదా చిన్నమ్మా.”

“మగ్గంలో పోగు తెగితే ఎవురి మొగం జూసి తెగిందని మేం అడుగుతామా? యాడ తెగిందో ఎతుక్కుంటాం. నువ్వు గంటన్నర సేపు మొగాల గురించే మాట్లాడొస్తివే!”

జీవితంలో నన్ను ఇంత శుభ్రంగా ఉతికిన వాళ్ళు తక్కువ. నేను బండిని చూడలేదు. బానెట్టు ఎటువైపు తెరుచుకుంటుందో కూడా నాకు తెలియదు. హేతువు గురించి నలభై ఏళ్ళు ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి, ఒక్క హేతువు కోసం నడుం వంచలేదు.

మర్నాడు పెనుకొండ వెళ్ళాను. అప్పుడైనా బుద్ధిగా వెళ్ళానా? లేదు. గాలి పట్టిందని మొదట అన్నది పెనుకొండ మెకానిక్కేనని సోఫాలో కూర్చున్న రోజు తమ్ముడు చెప్పాడు, ఆయన్ని నిలదీయడానికి వెళ్ళాను. పెద్దాయన ఒక టెంపో కింద పడుకుని ఉన్నాడు. బయటికి కనిపిస్తున్న ఆయన కాళ్ళతోనే మొదలుపెట్టాను.

“ఏమప్పా, చేతిలో పని ఉన్నవాడివి, నువ్వు కూడా దయ్యాలనీ గాలులనీ చెప్తే ఎట్లా? నీ మాట పట్టుకుని ధర్మవరంలో మా తమ్ముడు ఒక జబ్బు మనిషిని కారు ఎక్కనీయడం లేదు.”

ఆయన జారుతూ బయటికొచ్చి, కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని నన్ను చూశాడు.

“గాలే సార్ పట్టింది.”

“మళ్ళీ అదే మాటా!”

“పైపులో సార్, పైపులో! డీజిలు పైపులో గాలి! దయ్యం యాడనుంచి వచ్చె మధ్యలో? ఆయప్ప దయ్యమనుకున్యాడా?” ఆయన టెంపోకి ఆనుకుని దగ్గు వచ్చేదాకా నవ్వాడు. “ఆయప్ప అనుకున్యాడంటే సరే. నువ్వూ అట్లే అనుకుంటివే సార్!”

నిజమే. తమ్ముడు ఒక మాటను విన్న తీరే నేనూ విన్నాను. వాడు భయపడ్డాడు, నేను అసహ్యించుకున్నాను. అర్థం మాత్రం ఇద్దరికీ ఒక్కటే తట్టింది.

పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ ఇంకో మాట అన్నాడు. “అయినా ఆ యమ్మకూ దానికీ ఏం సంబంధం? నిన్న మంగళవారం కూడా ఈడే ఆగినాడు గదా.”

“నిన్ననా? చిన్నమ్మ బస్సులో వచ్చింది కదా!”

“ఒగడే ఉన్యాడు సార్. ముందు శుక్రవారమూ ఒగడే. నిన్నయితే సీట్లకు కవర్లు గూడా లేవు.”

చిన్నమ్మ ఎక్కకపోయినా బండి రెండుసార్లు ఆగింది. తమ్ముడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పటికే ఒకసారి ఆగి ఉన్నా, నేను గంటన్నర వాదించినప్పుడు కూడా నోరు మెదపలేదు. ఆమె కూర్చున్న సీటుకు గాలి ఇంకా అంటుకుని ఉందేమోనని శుక్రవారం సాయంత్రం సీటు కవర్లు పీకి పారేశాడు. ఈ ఒక్క పనికి నేను వాణ్ణి ఎన్నటికీ క్షమించలేను. తెలియక నమ్మినవాణ్ణి అర్థం చేసుకోవచ్చు. ఎదురుగా సాక్ష్యం నిలబడితే దాన్ని సీటు కవరుతో పాటు చుట్టి పారేసినవాణ్ణి ఏమనాలి?

పెద్దాయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నేను అడగాల్సిన ప్రశ్నను తనే అడిగాడు.

“ఆయప్ప డీజిలు యాడ పట్టిస్తాడు?”

నాకు తెలుసు. మా ప్రాంతంలో బండి ఉన్న ప్రతివాడూ చేసేదే. హిందూపురం దాటి కాస్త ముందుకు పోతే కర్ణాటక. అక్కడ డీజిలు కొంచెం చవక. లీటరు మీద మిగిలే చిల్లర కోసం తమ్ముడు ఆంధ్రా బంకులో పైపు ముట్టుకోడు. చిన్నమ్మను ఆసుపత్రి దగ్గర దింపి, సరిహద్దు దాటి, టాంకు నిండా పట్టించుకుని, మార్కెట్టుకు వస్తాడు. వ్యాపారం మీద రోజంతా ఊళ్ళు తిరుగుతూ, మళ్ళీ హిందూపురం వచ్చే రోజుదాకా దాంతోనే నెట్టుకొస్తాడు. అంటే చిన్నమ్మ ఎక్కే పొద్దుటికి టాంకు అడుక్కి ఉంటుంది. ఆమె దిగాక నిండుతుంది.

“అదీ సంగతి,” అన్నాడు పెద్దాయన. “టెంకాయ బొండాం తాగే గొట్టానికి నడుమ బీట పడిందనుకో. నీళ్ళు బీట పైకి ఉన్నంతసేపూ తాగొచ్చు. నీళ్ళు కిందికి పోతే గాలే వస్తుంది. టాంకులో గొట్టం అట్లే బీట ఇచ్చి ఉంటాది. పావు టాంకయితే ఆ బీట డీజిలు పైకి తేలుతుంది. ఎత్తెక్కితే డీజిలు ఒగ పక్కకు జరుగుతుంది, ఇంకా తొందరగా తేలుతుంది. ఇంజనుకు డీజిలు బదులు గాలి పోతే మిస్సింగ్ రాక ఏమొస్తాది? ధర్మవరమోళ్ళకు టాంకు నిండుగా ఉన్నప్పుడు చూపిచ్చినాడు. జొరం తగ్గినాంక డాక్టరు దగ్గరికి పోయినట్ల.”

ఇది ఆయన ఊహ. ఊహను రుజువు చేసుకోవాలి. శుక్రవారం తెల్లారేసరికి నేను ధర్మవరంలో తమ్ముడి ఇంటి ముందు ఉన్నాను. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. వాడి భార్య వింటుండగా అడిగాను: “నువ్వొక్కడివే ఉన్నప్పుడు పెనుకొండలో రెండుసార్లు ఆగిందట కదా, ఎవరి గాలప్పా అది?” వాడి మొహంలో రంగు మారింది. భార్య లోపలికి వెళ్ళి కారు తాళాలు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. చిన్నమ్మను నేనే చెయ్యి పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాను.

టాంకు ముల్లు పావు కింద ఉంది. పెనుకొండ ఎత్తు దగ్గర ఇంజను తడబడింది. తమ్ముడు కళ్ళతోనే నాతో అన్నాడు, చూశావా అని. చిన్నమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఎలాగో షెడ్డుకు చేరాం.

పెద్దాయన ఇంజను దగ్గర నల్ల రబ్బరు పైపు ముక్క ఒకటి విప్పి, దాని బదులు లోపలిది కనిపించే ప్లాస్టిక్కు పైపు తగిలించాడు. “దిగొద్దమ్మా, అట్లే కూచో” అని చిన్నమ్మకు చెప్పి, తమ్ముణ్ణి బండి స్టార్టు చేసి తొక్కమన్నాడు. పైపులో డీజిలుతో పాటు బుడగలు. మొదట సన్నగా, తొక్కేకొద్దీ గుంపులుగా. ఇంజను టకటకమంది. అప్పుడాయన టాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, స్టూలు మీద డీజిలు డబ్బా పెట్టి, అందులోంచి ఇంకో పైపు నేరుగా ఇంజనుకు కలిపాడు. బుడ్డి పిసికాడు. మళ్ళీ తొక్కమన్నాడు. ఒక్క బుడగ లేదు. ఇంజను నున్నగా మోగింది.

చిన్నమ్మ అద్దం దించి తల బయటికి పెట్టింది.

“ఏమప్పా, నేను దిగనేలేదే! గాలి యాడికి పోయె?”

“డబ్బాకు భయపడి పాయెమ్మా,” అన్నాడు పెద్దాయన.

షెడ్డులో అందరూ నవ్వారు, ఒక్క తమ్ముడు తప్ప. అప్పుడు వాడేమన్నాడో వినండి. డిగ్రీ చదివినవాడు, కళ్ళతో బుడగలు చూసినవాడు, కళ్ళతోనే అవి మాయం కావడం చూసినవాడు.

“గొట్టం పగిలింది, సరేన్నా. అదెందుకు పగిలింది? ఇన్నేండ్లు లేనిది చిన్నమ్మ ఎక్కబట్టినాంకనే గదా?”

ఇలాంటివాళ్ళకు కారణం చూపిస్తే, ఆ కారణానికి వెనక ఇంకో కుర్చీ వేసి అందులో ఆ విధవనే కూర్చోబెడతారు. ఎంత వెనక్కి తవ్వినా వాళ్ళకు ఆమే దొరుకుతుంది. పెద్దాయన మాత్రం బండిని అక్కడే ఉంచమని, టాంకు దించితే గొట్టం బీట వేలితో చూపిస్తానన్నాడు. నేను ఇంకో బండి మాట్లాడుకుని చిన్నమ్మను ఎనిమిదిన్నరకు హిందూపురం చేర్చాను. అరగంట ఆలస్యమైనా వంతు దక్కింది. సాయంత్రానికి గొట్టం మారింది. మారాక ఈ రోజు వరకూ పావు టాంకుతో, చిన్నమ్మతో, అదే ఎత్తు మీద ఆ బండి ఒక్కసారీ తడబడలేదు.

ఊళ్ళో తమ్ముడు చెప్పుకున్నది వేరు. కొత్తచెరువు మనిషి తీసిన గాలి పోయిందట, పెనుకొండలో ఏదో పైపు కూడా మార్చారట. వాడు చిన్నమ్మను మళ్ళీ ఎక్కించుకుంటున్నాడు. ఆమె ఎక్కుతోంది, వంతు కావాలి కాబట్టి. కానీ దారిలో వాడితో మాట్లాడదు.

నాచేత ఇది రాయించింది వాడు కాదు. పోయిన నెల తమ్ముడు ఊళ్ళో లేని రోజున చిన్నమ్మ వీధి చివరి ఆటోను పిలిచింది, బస్టాండు దాకా. ఆటో అతను ఆమెను చూసి, బండి స్టార్టు కావడం లేదన్నాడు. ఆమె నాలుగడుగులు నడిచేలోగా ఆ ఆటో వేరొకరిని ఎక్కించుకుని ఆమె పక్కనుంచే వెళ్ళింది. గొట్టం మార్చడానికి పెద్దాయనకు ఒక పూట పట్టింది. మాట మాత్రం వీధంతా పాకింది, దాన్ని విప్పి చూపించే షెడ్డు ఎక్కడా లేదు. ఆ రోజు ఆమె నడిచే వెళ్ళింది. వాచిన కాళ్ళతో, వంతు తప్పకూడదని.

ఆ ఆటో అతను నాకు తెలియదు. మీకు తెలిసి ఉండవచ్చు. అతను మీ పక్కింటివాడో, మీరో కావచ్చు. మీ వీధిలోనూ ఒక మనిషి ఉంది, పొద్దున్నే ఎదురొస్తే మీరు బండి ఆపి ఒక నిమిషం నిలబడే మనిషి. ఆమె ఎవరో మీకు బాగా తెలుసు. మా చిన్నమ్మ మీద జాలిపడి తల ఊపకండి, ఈ వ్యాసం బాగుందని ఎవరికీ పంపకండి. రేపు పొద్దున ఆమె గడప దగ్గరికి వెళ్ళండి. ఎక్కడికి పోవాలని అడగండి. పది మంది చూస్తుండగా ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అక్కడ దింపి రండి.